169.254 వెనక కథ - తప్పుడు ఐపీ అడ్రసుల చరిత్ర

ఇంట్లో వైర్‌లెస్సు పనిచెయ్యకపోతే మనలో చాలామంది చేసే పని ఒక్కటే. రౌటరు స్విచ్చి ఆపేసి, పది లెక్కపెట్టి, మళ్ళీ వెయ్యడం. చాలాసార్లు బాగైపోతుంది కూడా. అందుకే అసలేం జరిగిందని ఎవరమూ అడగం. ఆఫీసులో సర్వరు పడిపోతే కారణం రాయకుండా టిక్కెట్టు మూయనివ్వరు. ఇంట్లో మాత్రం "ఏదో ఐపీ తప్పొచ్చిందిలే" అని వదిలేస్తాం.

ఐపీ అడ్రసు తప్పు రావడమేమిటి? అదేమన్నా కూడికా, తీసివేతా? ఆ అడ్రసు ఎవరో ఇచ్చిందైనా అయ్యుండాలి, ఎవరూ ఇవ్వకపోతే మిషనే పెట్టుకున్నదైనా అయ్యుండాలి. నన్నడిగితే తప్పుడు అడ్రసంటూ ఏదీ లేదు. మనం తప్పనుకునే ఒక్కో అడ్రసు వెనకా, ఒక్కో సంవత్సరంలో, ఏదో ఒక ఇబ్బంది గట్టెక్కడానికి ఎవరో తీసుకున్న నిర్ణయం ఉంది. ఆ నిర్ణయాలు తెలిస్తే అడ్రసు చూడగానే సగం రోగం చెప్పెయ్యొచ్చు. అందుకే ఈ చరిత్ర.

మొదట్లో ఈ గొడవేం లేదు. నెట్‌వర్కు నంబర్లు ఎవరికి ఏవి ఇచ్చారన్న లెక్కంతా దాదాపు ఒక్క మనిషి, జాన్ పోస్టెల్, చూసుకునేవాడు. అడ్రసుకి 32 బిట్లు చాలని 1977లో అనుకున్నారు. అంటే 429 కోట్ల పైచిలుకు. యూనివర్సిటీల మధ్య నడిచే ఒక ప్రయోగానికి అది ఎక్కువే. 1983 జనవరి 1న అర్పానెట్టు మొత్తం టీసీపీ/ఐపీకి మారింది. అప్పటి కంప్యూటర్లు బీరువాలంత ఉండేవి, ఒకచోట పెడితే అక్కడే ఉండేవి. అడ్మినిస్ట్రేటరు ఒకసారి అడ్రసు టైపు చేస్తే అది డిస్కులో పడి ఉండేది.

మరి డిస్కే లేకపోతే? ఎనభైల మొదట్లో డిస్కు లేని వర్క్‌స్టేషన్లు వచ్చాయి. ఆన్ చెయ్యగానే వాటికి తెలిసింది ఒక్కటే, తన ఈథర్నెట్ కార్డు మీదున్న నంబరు. "ఇదీ నా కార్డు నంబరు, నా ఐపీ ఏంటో ఎవరైనా చెప్పండి బాబూ" అని నెట్‌వర్కంతా వినపడేలా అరవడానికి స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 1984 జూన్‌లో రార్ప్ అనే పద్ధతి రాశారు. ఆ మరుసటేడు సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్ నుంచి బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి జాన్ గిల్మోర్ కలిసి బూట్‌పీ తెచ్చారు. అడ్రసుతోపాటు ఏ సర్వరు నుంచి ఏ ఫైలు తెచ్చుకుని బూటవ్వాలో కూడా ఇది చెబుతుంది. కాకపోతే ప్రతి కంప్యూటరుకీ సర్వరులో ఒక లైను ముందే రాసిపెట్టుకోవాలి. కొత్త మిషను వస్తే కొత్త లైను.

1993 అక్టోబరులో దీన్నే పెంచి డీహెచ్‌సీపీ చేశారు. రాసింది పెన్సిల్వేనియాలో బక్నెల్ యూనివర్సిటీకి చెందిన రాల్ఫ్ డ్రోమ్స్. ఇందులో కొత్త ఆలోచన అద్దె. అడ్రసు ఇక సొంతిల్లు కాదు, లాడ్జిలో గది. గడువు తీరేలోపు పొడిగించుకోకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. లాప్‌టాప్ చంకనబెట్టుకుని తిరిగే కాలానికి సరిపోయే ఆలోచన. ఇంకో తమాషా ఏంటంటే, డీహెచ్‌సీపీ పాత బూట్‌పీ పాకెట్టునే, అవే 67, 68 పోర్టుల్నే వాడుకుంది. ఇవాళ మీ ఫోను వైఫైలో అడ్రసడిగినప్పుడు పంపే పాకెట్టులో కూడా, 1985 నాటి డిస్కు లేని కంప్యూటరు కోసం పెట్టిన బూట్ ఫైలు పేరుకి 128 బైట్ల చోటు అలాగే ఉంది!

పాకెట్టుతోపాటు ఆ కాలపు నమ్మకం కూడా వచ్చింది. అరిచినవాడికి జవాబిచ్చేది ఎవరు? ఎవరైనా ఇవ్వొచ్చు. "అడ్రసివ్వడానికి నువ్వెవరు?" అని క్లయింటు అడగదు. సాధారణంగా ముందెవరు పలికితే వాళ్ళ మాటే తీసుకుంటుంది. ల్యాబులో ఉన్నదంతా మనవాళ్ళే అయినప్పుడు ఇది చెల్లుతుంది. ఈ పద్ధతికి రక్షణ లేదని, అనధికార సర్వరు పెట్టడం సులభమని 1997 నాటి స్టాండర్డే ఒప్పుకుంది. 2001లో గుర్తింపు చూపించే పద్ధతొకటి రాశారు గానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పుడు ఇంటికొద్దాం. మన దగ్గర 2005 ప్రాంతంలో బ్రాడ్‌బ్యాండు ఊపందుకున్నప్పుడు చాలా ఇళ్ళకి వైఫై లేని డీఎస్సెల్ మోడెమ్‌లు వచ్చాయి. తర్వాత లాప్‌టాప్ కొన్నాం, దానికోసం బజారుకెళ్ళి వైర్‌లెస్ రౌటరు తెచ్చాం. మోడెం అడ్రసు 192.168.1.1. రౌటరు పెట్టె విప్పితే దాని అడ్రసు కూడా చాలాసార్లు అదే! ఒకే వీధిలో రెండిళ్ళకి ఒకే డోరు నంబరు. వైరుని వ్యాన్ పోర్టులో పెడితే, రౌటరుకి బయటా లోపలా ఒకే నెట్‌వర్కు కనపడి, పాకెట్టు ఎటు పంపాలో తెలియక నిలబడిపోతుంది. ల్యాన్ పోర్టులో పెడితే ఇంకో తంటా, అడ్రసిచ్చేవాళ్ళు ఇద్దరవుతారు. మోడెం ముందు పలికిన రోజు నెట్ వస్తుంది. రౌటరు ముందు పలికిన రోజు అది "గేట్‌వే నేనే" అంటుంది, దాని వ్యాన్ పోర్టులో చూస్తే వైరే లేదు. "నిన్న పనిచేసింది, ఇవాళ లేదు, మళ్ళీ సాయంత్రం వచ్చింది" అని ఎవరన్నా చెబితే ముందు అనుమానించాల్సింది దీన్నే. మోడెం పోయి ఫైబర్ పెట్టె వచ్చింది గానీ జబ్బు అదే. మందు కూడా అదే: ఒక ఇంటికి డీహెచ్‌సీపీ ఒక్కటే ఉండాలి. రెండో పెట్టెలో దాన్ని ఆపేసి, దాని సొంత అడ్రసు 192.168.1.2 లాంటిదానికి మార్చి, ల్యాన్ పోర్టు నుంచి కలపండి.

ఇంతకీ అందరికీ ఈ 192.168 ఎక్కడినుంచి వచ్చింది? అడ్రసులు అయిపోతాయన్న భయం తొంభైల మొదట్లోనే మొదలైంది. 1994 మార్చిలో కొందరు ఒక ఉపాయం చెప్పారు: బయటి ప్రపంచంతో పనిలేని నెట్‌వర్కులు వాడుకోవడానికి మూడు పేటలు పక్కన పెడదాం, ఎవరి ఇంట్లో వాళ్ళు వాడుకోవచ్చు. 10తో మొదలయ్యేది అర్పానెట్టు సొంత నంబరు. 1990లో అర్పానెట్టు మూతపడ్డాక అది ఖాళీ అయింది. దాంతోపాటు 172.16 నుంచి 172.31 వరకు, ఆపైన 192.168. అదే ఏడాది మే నెలలో నాట్ గురించిన పత్రం వచ్చింది. లోపల ఎన్ని అడ్రసులున్నా బయటికి కొన్నిటితోనే నెట్టుకురావడం. ఇది తాత్కాలిక ఉపాయమేనని రాసినవాళ్ళే అందులో చెప్పుకున్నారు.

దీన్ని అందరూ మెచ్చుకోలేదు. 1994 జులైలో ఎలియట్ లియర్, మరో ముగ్గురు కలిసి గట్టిగా అభ్యంతరం రాశారు. ఒక అడ్రసు ప్రపంచంలో ఒక్కళ్ళకే ఉండాలన్నది ఇంటర్నెట్టుకి పునాది. దాన్ని వదిలేస్తే, ఇవాళ విడివిడిగా ఉన్న రెండు నెట్‌వర్కులు రేపు కలవాల్సి వచ్చినప్పుడు నంబర్లు ఢీకొంటాయని వాళ్ళ వాదన. ఏం జరిగింది? 1996 ఫిబ్రవరిలో ఆ మూడు పేటలూ ఆర్‌ఎఫ్‌సీ 1918గా స్థిరపడ్డాయి. ఆ పత్రం రాసినవాళ్ళ పేర్లలో చివరిది ఎవరిదో తెలుసా? ఎలియట్ లియర్‌దే. కలిసి రాయడానికి ఒప్పుకున్నాడు గానీ, ఆయన భయపడ్డది మాత్రం అబద్ధం కాలేదు.

2020లో అందరం ఇంటినుంచి పనిచెయ్యడం మొదలుపెట్టాక ఇది చాలామందికి అనుభవంలోకి వచ్చింది. వీపీఎన్ కలుస్తుంది, మెయిలు వస్తుంది, కానీ క్లయింటు ల్యాబులో ఉన్న 192.168.1.20 సర్వరు మాత్రం దొరకదు. ఎలా దొరుకుతుంది? మీ ఇల్లు కూడా 192.168.1 అయితే, లాప్‌టాప్ దాన్ని మీ ఇంట్లోనే, ప్రింటరు పక్కన వెతుకుతుంది. ఇక్కడ అడ్రసు తప్పు కాదు, నెట్‌వర్కు చెడలేదు. రెండిళ్ళకీ ఒకే పేరుండటమే సమస్య. ఇంటి రౌటరు పేటని 192.168.73 లాంటి ఎవరూ వాడని అంకెకి మార్చెయ్యండి, పీడా పోతుంది.

ఇక 169.254. ఇది చూడగానే అందరూ కంగారు పడతారు గానీ, ఇది పుట్టింది మంచి ఉద్దేశంతోనే. రెండు కంప్యూటర్లని ఒక వైరుతో కలిపితే, సర్వరంటూ ఏదీ లేకపోయినా మాట్లాడుకోగలగాలి. 1998లో వచ్చిన విండోస్ 98, మ్యాక్ ఓఎస్ 8.5 ఈ పని చేశాయి. ఎవరూ అడ్రసివ్వకపోతే 169.254 పేటలోంచి ఒకటి తనే ఎంచుకుని, వేరే ఎవరూ వాడట్లేదని చూసుకుని పెట్టుకోవడం. 2005 మేలో ఇది స్టాండర్డయింది. పాపం, ఇళ్ళల్లో మాత్రం దీనికి చెడ్డపేరే వచ్చింది. దానర్థం ఒక్కటే: "అరిచాను, ఎవరూ పలకలేదు".

ఎందుకు పలకలేదు? వైర్‌లెస్సు మొదటి రోజుల్లో దీనికి పెద్ద కారణం వెప్. 1997 నాటి ఆ రక్షణ పద్ధతిలో, పాస్‌వర్డు తప్పు కొట్టినా మామూలు సెట్టింగులో లాప్‌టాప్ రౌటరుకి "కనెక్ట్" అయిపోయేది! సిగ్నలు గీతలు నిండుగా కనపడేవి. కానీ మనం పంపిన పాకెట్టు రౌటరుకి చదవరాదు కాబట్టి డీహెచ్‌సీపీ జవాబు రాదు. చివరికి 169.254. కీలో ఒక అక్షరం తప్పు కొట్టి, ఐపీ సెట్టింగులతో గంటలు గంటలు కుస్తీ పట్టినవాళ్ళు ఎందరో. 2003లో డబ్ల్యూపీయే వచ్చాక, తాళంచెవి సరైనదో కాదో అడ్రసు అడగకముందే తేలిపోతోంది. ఇప్పుడు 169.254 కనపడితే అనుమానించాల్సినవి వేరే: రౌటరులో డీహెచ్‌సీపీ ఆగిపోవడం, ఇవ్వడానికి అడ్రసులు అయిపోవడం, లేదా మధ్యలో పెట్టిన ఎక్స్‌టెండరు అసలు రౌటరుతో తెగిపోవడం.

చివరిది, అన్నిటికన్నా బాధపెట్టేది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ ఖజానాలో ఉన్న చివరి ఐపీవీ4 పేటలు పంచేశారు. ఏప్రిల్ 15కి మన ఆసియా పసిఫిక్ వాటా కూడా అడుగంటింది. 2012లో ఇంటర్నెట్టు కంపెనీల కోసం ఇంకో పేట తీసిపెట్టారు, 100.64 నుంచి 100.127 వరకు. అంటే మన రౌటరు చేసే నాట్ కాక, కంపెనీ వాళ్ళు పైన ఇంకో నాట్ చేస్తారన్నమాట. అమెరికాలో ఉన్న కొడుకు గుంటూరులో అమ్మానాన్నల వాకిట్లో కెమెరా పెట్టి, నేరుగా చూద్దామని రౌటరులో పోర్టు తెరిచి ఎంత కుస్తీ పట్టినా రాదు. రౌటరు స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రసు 100.64-127 మధ్య ఉంటే ఇక పోర్టులతో కుస్తీ దండగ. ఆ ఇంటికి బయటి ప్రపంచంలో సొంత ఐపీవీ4 అడ్రసే లేదు. వీధి చివర ఎవరిదో ఒక డోరు నంబరు మీద వందల ఇళ్ళు బతుకుతున్నాయి. అందుకే ఆ వీడియో ఎవరిదో మూడో కంపెనీ సర్వరు మీదుగా తిరిగొస్తుంది. మన ఇంటి వాకిలి మనం చూసుకోవడానికి ఇంకొకళ్ళ అనుమతి!

దీనికి అసలు మందు ఐపీవీ6. అది కాగితం మీదికి వచ్చి మూడు దశాబ్దాలయింది. మన దేశంలో 2016లో జియో వచ్చాక కోట్ల ఫోన్లకి అందింది, ఇవాళ వాడకంలో మనం ప్రపంచంలో ముందు వరసలో ఉన్నాం. అయినా చాలా ఇళ్ళలో రౌటరులో ఆ సెట్టింగు ఆపేసి ఉంటుంది. కంపెనీ ఇస్తోందేమో ఒకసారి చూసి ఆన్ చెయ్యండి. ఫైర్‌వాల్ మాత్రం ఆపొద్దు.

కాబట్టి ఈసారి ఇంటినుంచి ఫోనొస్తే "రౌటరు ఆపి వెయ్యి నాన్నా" అనేముందు, "ఆ అడ్రసు కాస్త చదవండి" అని అడగండి. 169.254 అంటే ఎవరూ పలకలేదు. ఇంటిది కాని 192.168 అంటే ఇంకెవరో పలికారు. ప్రింటరుకి కట్టేసిన అడ్రసే ఫోనుకీ ఉంటే రెండూ కొట్టుకుంటున్నాయి. ఫోనుకి మీరు కట్టేసిన అడ్రసు కాక వేరేది వస్తే, 2019, 2020ల నుంచి ఆండ్రాయిడ్, ఐఫోన్లు తమ అసలు కార్డు నంబరు దాచి మారుపేరు చెబుతున్నాయని గుర్తుంచుకోండి.

తాత్కాలికమని రాసిన కోడు ప్రొడక్షనులో పదేళ్ళు బతకడం మనందరం చూసినదే. ఇంటర్నెట్టులో అలాంటిది ముప్ఫై ఏళ్ళు దాటి నడుస్తోంది, మన ఇంటి హాల్లో టీవీ పక్కన దీపాలు మిణుకుమిణుకుమంటూ. దాని చరిత్ర తెలిస్తే రిపేరు తేలికవుతుంది. అంతకన్నా ముఖ్యం, "టెంపరరీగా ఇలా కానిద్దాం" అని మనం మీటింగులో చెయ్యెత్తేముందు ఒక్క క్షణం ఆగుతాం.