మేక్‌ఫైల్ పైవరసలో ఉండే పేరు

పాడేరు వైపు మనవాళ్లలో చాలామంది పాత క్యాస్ట్ సర్టిఫికెట్ మీద ఇంకా విశాఖపట్నం జిల్లా అనే ఉంది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. ఊరు కదల్లేదు, కాగితం పాతబడింది. కంప్యూటర్ లోపలా ఇదే జరుగుతుందని ఫ్రీబీఎస్‌డీ చరిత్ర చదువుతుంటే మాకు తెలిసింది.

ఫ్రీబీఎస్‌డీ ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. అందులో బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోడానికి 1994లో జోర్డన్ హబ్బర్డ్ పోర్ట్స్ అనే ఏర్పాటు మొదలుపెట్టాడు. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో ఫోల్డరు, అందులో మేక్‌ఫైల్ అనే చిన్న ఫైలు. సోర్సు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి, తోడుగా ఇంకేం కావాలి, ఎలా తయారుచేయాలి అన్నీ అందులోనే ఉంటాయి. ఇప్పుడు పోర్టులు 30 వేలకు పైనే.

రాసినోళ్లు మర్చిపోయినా ఫైలు మర్చిపోదు. చిక్కంతా అక్కడే. ఎన్నో ప్రాజెక్టుల సోర్సు ఉంచిన గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతపడింది. ఆ చిరునామా నమ్ముకున్న మేక్‌ఫైళ్లు, చుట్టాలు ఇల్లు ఖాళీ చేశాక వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డట్టే. ఇవి దిద్దక తప్పదు.

ఇంకోటి, మేక్‌ఫైళ్ల పైన డాలర్ గుర్తుల మధ్య ఫ్రీబీఎస్‌డీ అని ఒక వరస ఉండేది. ముందు సీవీఎస్, 2012 నుంచి సబ్‌వెర్షన్ ఆ చోట తేదీ, మార్పు సంఖ్య నింపేవి. 2021లో గిట్‌కి మారాక అది నింపే దిక్కే లేదు. ఏప్రిల్‌లో తీసేశారు. దానికి బాధపడాల్సిందేం లేదు.

కానీ 2022 జులైలో తీసేసిన వరస వేరు. ఆ పోర్టును మొదట తయారుచేసినవాళ్ల పేరది. తీసేస్తూ ఆ పేర్లను మార్పు సందేశాల్లో రాసి కృతజ్ఞతలు చెప్పారు.

మాలో దీనిమీద పెద్ద వాదనే నడిచింది. ఇప్పుడు చూసుకునేవాళ్ల పేరు వేరే వరసలో ఉంది, పాత చరిత్ర గిట్‌లో భద్రంగా ఉంది, ఇంకేం కావాలని కొందరు. నిజమే. కానీ ఫైలు తెరిచిన కుర్రాడికి ఆ పేరు కనబడదు కదా! పోడు కొట్టి చేను చేసిన తాత పేరు పట్టాలో లేకపోతే, ఊరి పెద్దోళ్లు చెప్పేదాకా మనకి తెలుస్తుందా? చిరునామా పాతబడొచ్చు. మొదట చేసినోడు ఎలా పాతబడతాడు? అయినా పేర్లు సందేశంలోకి ఎక్కించినందుకు వాళ్లని మెచ్చుకోవాలి, అదీ చేయనివాళ్లు బోలెడుమంది.

మన గుంపులో గిట్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు పోర్ట్స్ రిపాజిటరీ దించుకుని 2022 జులై లాగ్ ఒకసారి తిరగేయండి. ఆ పేర్లు అక్కడే ఉన్నాయి.