కోర్ఫ్ కోట

కోర్ఫ్ కోట ఇంగ్లాండు దేశపు దక్షిణ తీరంలోని డార్సెట్ కౌంటీలో, పర్బెక్ ద్వీపకల్పంలో ఉన్న ఒక శిథిల దుర్గము. దీనిని 11వ శతాబ్దంలో విలియం ది కాంకరర్ నిర్మింపజేశాడు. ఇంగ్లాండు అంతర్యుద్ధ కాలంలో 1646లో పార్లమెంటు ఆజ్ఞపై దీనిని కూల్చివేశారు. ప్రసిద్ధ బాలసాహిత్య రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ వ్రాసిన "ఫేమస్ ఫైవ్" సాహస కథలలోని కిర్రిన్ కోటకు ఇదే మాతృక అని ప్రచారంలో ఉండుట వలన, బాల్యంలో ఆ కథలు చదివినవారు అనేకులు దీనిని చూడటానికి వస్తారు. అయితే కథలోని కోట సముద్రం మధ్య ఒక దీవిపై ఉంటుంది. కోర్ఫ్ కోట మాత్రం తీరానికి దూరంగా, కొండల నడుమ ఉన్నది.

పేరు, ఉనికి

"కోర్ఫ్" అనే పేరు ప్రాచీన ఆంగ్లంలో "కోయుట" అనే అర్థం గల పదం నుండి వచ్చినది. పర్బెక్ సుద్దకొండల వరుసలో ఇక్కడ ఒక గండి ఉన్నది. ఆ గండి మధ్యలో విడిగా నిలిచిన సుమారు 55 మీటర్ల ఎత్తైన గుట్టపై కోటను కట్టారు. వేర్హమ్, స్వానేజ్ పట్టణాల మధ్య దారి ఈ గండి గుండా పోతుంది కనుక, కోట ఎవరి చేతిలో ఉంటే ఆ దారి వారి అదుపులో ఉండేది. కోట పాదంలో ఉన్న గ్రామానికి కూడా కోర్ఫ్ కాజిల్ అనే పేరు. కోటను, గ్రామంలోని పాత ఇళ్ళను స్థానికంగా లభించే పర్బెక్ సున్నపురాయితో నిర్మించారు.

పర్బెక్‌ను "ఐల్", అనగా దీవి, అని వ్యవహరించటం అలవాటైనా, అది నిజానికి ద్వీపకల్పము మాత్రమే.

చరిత్ర

కోట నిర్మాణానికి పూర్వమే ఈ స్థలం చరిత్రకు ఎక్కినది. క్రీ.శ. 978 మార్చి 18న యువరాజుగా ఉన్నప్పుడే సింహాసనం పొందిన ఎడ్వర్డ్ రాజు ఇక్కడ హత్యకు గురయ్యాడు. సవతి తల్లి తన కుమారుని రాజును చేయటానికి ఈ హత్య చేయించినదని తరువాతి కాలపు రచనలు చెబుతాయి. అనంతర కాలంలో ఎడ్వర్డ్‌ను "ఎడ్వర్డ్ ది మార్టర్" అనే పేరుతో పునీతునిగా గౌరవించారు.

12వ శతాబ్దం ఆరంభంలో, మొదటి హెన్రీ కాలంలో, గుట్ట శిఖరంపై సుమారు 21 మీటర్ల ఎత్తు గల రాతి బురుజు నిర్మించబడినది. 13వ శతాబ్దం ఆరంభంలో జాన్ రాజు లోపలి ఆవరణలో "గ్లోరియెట్" అనే నివాస భవనాన్ని చేర్చాడు. అతని కాలంలో ఈ కోట ఖజానాగాను, చెరసాలగాను కూడా ఉపయోగపడినది. సింహాసనంపై హక్కు ఉన్న అతని అన్న కుమార్తె ఎలియనోర్ బందీగా గడిపిన కోటలలో ఇది ఒకటి.

1572లో మొదటి ఎలిజబెత్ రాణి కోటను సర్ క్రిస్టోఫర్ హాటన్‌కు విక్రయించినది. 1635లో, తరువాత ప్రధాన న్యాయమూర్తి అయిన సర్ జాన్ బ్యాంక్స్ దీనిని కొన్నాడు.

ముట్టడులు, కూల్చివేత

అంతర్యుద్ధంలో బ్యాంక్స్ కుటుంబం రాజు పక్షాన నిలిచినది. 1643లో సర్ జాన్ రాజు వద్ద ఉన్న సమయంలో పార్లమెంటు సేనలు కోటను ముట్టడించాయి. అతని భార్య లేడీ మేరీ బ్యాంక్స్ కొద్దిమంది సైనికులతో, కుమార్తెలతో, పరిచారికలతో కలిసి ఆరు వారాల పాటు కోటను కాపాడినది. గోడలెక్కబోయిన వారిపై పైనుండి రాళ్ళు, నిప్పులు కురిపించారు. చివరకు ముట్టడిదారులు సుమారు వందమందిని నష్టపోయి వెనుదిరిగారు.

రెండవ ముట్టడిలో కోట ద్రోహం వలన పడిపోయినది. 1646 ఫిబ్రవరిలో కోటలోని కల్నల్ పిట్‌మన్ అనే అధికారి, అదనపు బలగాలను తెస్తానని వెళ్ళి, మారువేషంలో ఉన్న శత్రు సైనికులను లోపలికి తీసుకువచ్చాడు. మరుసటి నెలలో కోటను నిరుపయోగం చేయాలని పార్లమెంటు తీర్మానించినది. గోడల పునాదులను త్రవ్వి, తుపాకిమందు పెట్టి పేల్చివేశారు. ఆనాడు ఒరిగిన బురుజులు, పగిలిన గోడలు అదే భంగిమలో నేటికీ నిలిచి ఉన్నాయి. కూలిన రాళ్ళలో కొన్నిటిని గ్రామస్థులు తమ ఇళ్ళకు వాడుకున్నారు. లేడీ బ్యాంక్స్‌కు తిరిగి ఇచ్చిన కోట తాళంచెవులు ఆ కుటుంబపు తరువాతి నివాసమైన కింగ్‌స్టన్ లేసీ భవనంలో భద్రంగా ఉన్నాయి.

ఎనిడ్ బ్లైటన్ కథలతో సంబంధం

ఎనిడ్ బ్లైటన్ (1897-1968) లండనులో జన్మించినది. 1940ల నుండి ఆమె కుటుంబంతో స్వానేజ్ పరిసరాలలో తరచుగా సెలవులు గడిపేది. తరువాత భర్తతో కలిసి స్టడ్లాండ్ సమీపంలోని గోల్ఫ్ మైదానాన్ని కొన్నది.

ఫేమస్ ఫైవ్ వరుసలో 1942-1963 మధ్య 21 నవలలు వెలువడినాయి. జూలియన్, డిక్, ఆన్, జార్జ్ అనే నలుగురు పిల్లలు, టిమ్మీ అనే కుక్క వీటిలో ప్రధాన పాత్రలు. మొదటి నవల "ఫైవ్ ఆన్ ఎ ట్రెజర్ ఐలాండ్"లో ఈ పిల్లలు కిర్రిన్ దీవిలోని పాడుబడిన కోట నేలమాళిగలో బంగారు కడ్డీలను కనుగొంటారు. 1957లో ఈ నవలను చిల్డ్రన్స్ ఫిల్మ్ ఫౌండేషన్ ధారావాహిక చిత్రంగా నిర్మించినప్పుడు కోర్ఫ్ కోటలో చిత్రీకరణ జరిగినది. దీనితో కోటకు, కథకు గల సంబంధం మరింత బలపడినది.

భారతదేశంలో కూడా ఆంగ్ల మాధ్యమ పాఠశాలల గ్రంథాలయాలలోను, అద్దె పుస్తకాల దుకాణాలలోను ఈ నవలలు విరివిగా లభించేవి. అందువలన ఈ కోటను చూడవచ్చే పాఠకులలో భారతీయులు కూడా ఉంటారు.

కిర్రిన్ కోట ఏది?

రచయిత్రి మాటలను బట్టి చూస్తే కిర్రిన్ దీవికి మూలం డార్సెట్ కాదు. తాను జెర్సీలో ఉన్నప్పుడు చూసిన, ఆటు సమయంలో రాళ్ళ బాట మీదుగా నడిచి వెళ్ళగలిగిన ఒక కోట గల దీవినే కథలో పెట్టినట్లు ఆమె పేర్కొన్నది. అది సెయింట్ ఆబిన్ అఖాతంలో ఉన్న ఎలిజబెత్ కోట అని సాధారణంగా భావిస్తారు. 16వ శతాబ్దం చివరలో నిర్మాణం మొదలైన ఆ కోటకు పోటు సమయంలో నడక దారి మునిగిపోతుంది.

దీనికి భిన్నంగా, డార్సెట్‌లోని బ్రౌన్‌సీ దీవి విషయంలో సందేహం లేదు. 1962 నాటి "ఫైవ్ హావ్ ఎ మిస్టరీ టు సాల్వ్" నవలకు వ్రాసిన ముందుమాటలో, పాత్రలు కల్పితాలైనా గుసగుసలాడే చెట్లు గల దీవి నిజంగా ఉన్నదని ఆమె తెలియజేసినది. బ్రౌన్‌సీ యజమానురాలు మేరీ బోన్హమ్-క్రిస్టీ 1961లో మరణించేవరకు ఆ దీవిలోకి ప్రజలకు ప్రవేశం ఉండేది కాదు. పిల్లలు నిషిద్ధ దీవిలో అడుగుపెట్టే కథకు ఈ వాస్తవమే నేపథ్యం.

కావున కోర్ఫ్‌లో నిలబడి కిర్రిన్‌ను ఊహించే పాఠకుడు రెండు స్థలాలను ఒకటిగా కలిపి చూస్తున్నాడు. శిథిలమైన బురుజును ఇక్కడి నుండి, చుట్టూ నీటిని మరొక చోటి నుండి అతడు తెచ్చుకుంటాడు.

పరిసరాలలోని సముద్రతీర ప్రదేశాలు

ఎక్స్‌మత్ నుండి స్టడ్లాండ్ వరకు ఉన్న సుమారు 155 కిలోమీటర్ల "జురాసిక్ తీరం" 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందినది. ఈ పరిసరాలలో చూడదగినవి:

* స్టడ్లాండ్ - పొడవైన ఇసుక తీరము, దాని వెనుక తుప్పలతో నిండిన బీడు భూములు.
* ఓల్డ్ హారీ శిలలు - సముద్రంలో విడిగా నిలిచిన తెల్లని సుద్దరాతి స్తంభాలు. "ఓల్డ్ హారీ భార్య" అని పిలిచే స్తంభం 1896లో కూలిపోయినది.
* లల్‌వర్త్ కోవ్ - గుర్రపు లాడం ఆకారంలో ఉన్న చిన్న అఖాతము.
* డర్డిల్ డోర్ - అలల కోతకు సున్నపురాతిలో ఏర్పడిన సహజ ద్వారము.
* బ్రౌన్‌సీ దీవి - పూల్ రేవు నుండి పడవలో చేరుకోవచ్చు. 1907లో బేడెన్ పావెల్ స్కౌటు ఉద్యమానికి నాంది పలికిన శిబిరాన్ని ఇక్కడే నిర్వహించాడు. ఇంగ్లాండులో అరుదైపోయిన ఎర్ర ఉడుతలు ఈ దీవిలో ఉన్నాయి.

కథలలోని పిల్లలు పెద్దల తోడు లేకుండా ఈ విధమైన తీరాలలో తిరుగుతారు. వాస్తవంలో ఇక్కడి కొండ అంచులు తరచు విరిగిపడుతుంటాయి. వాటి క్రింద నిలబడటం, అంచుల వెంబడి నడవటం ప్రమాదకరము.

కథలపై విమర్శ

బ్లైటన్ రచనలలో వర్ణ, వర్గ, లింగ వివక్ష కనిపిస్తుందని, భాష పరిమితమైనదని విమర్శలు ఉన్నాయి. 2010లో ప్రచురణకర్తలు ఫేమస్ ఫైవ్ నవలల భాషను ఆధునీకరించారు. పాఠకుల ఆదరణ లభించకపోవటంతో 2016లో పాత పాఠానికే మరలినట్లు ప్రకటించారు.

సందర్శన, సంరక్షణ

1981లో మరణించిన రాల్ఫ్ బ్యాంక్స్ వీలునామా ద్వారా ఈ కోట నేషనల్ ట్రస్టుకు సంక్రమించినది. లండను నుండి రైలులో వేర్హమ్ చేరి, అక్కడి నుండి బస్సులో కోర్ఫ్ వెళ్ళవచ్చు. 1885లో ప్రారంభమైన వేర్హమ్-స్వానేజ్ శాఖా రైలుమార్గం 1972లో మూతపడినది. స్వచ్ఛంద కార్యకర్తలు దానిని క్రమంగా పునరుద్ధరించి, 1995 నాటికి కోర్ఫ్ వరకు ఆవిరి రైళ్ళను నడిపించగలిగారు. గుట్ట ప్రక్కగా పొగలు చిమ్ముతూ సాగే రైలు, వెనుక విరిగిన బురుజు, ఈ ప్రాంతపు చిత్రాలలో తరచు కనిపించే దృశ్యము.

వర్షాల తీవ్రత వలన, గోడలలో పెరిగిన మొక్కల వేళ్ళ వలన రాళ్ళు వదులవుతుండటంతో ట్రస్టు ఇటీవల విస్తృతంగా మరమ్మత్తులు చేపట్టినది. ఆ పనులలో భాగంగా 2024 చివరలో ఏర్పాటు చేసిన తాత్కాలిక వేదిక ద్వారా, 1646 తరువాత మొదటిసారిగా, సందర్శకులు రాజ బురుజు పై భాగానికి చేరుకోగలిగారు. పిల్లలు నిధికోసం వెతికే ఈ శిథిలాలు ఒక కుటుంబం తన ఇంటిని పోగొట్టుకున్న ఆనవాళ్ళు కూడా.