చెంప ఎముక విరిగిన రాత్రి

ఫిల్మ్‌నగర్‌లో నైట్ షూటింగ్. ఫైట్ మాస్టర్ "యాక్షన్" అంటాడు. ఎదుటి ఫైటర్ మోచెయ్యి వచ్చేలోపు నువ్వు వెనక్కి వంగాలి. వంగుతావు, రెప్పపాటు ఆలస్యంగా. ఎడమ కంటి కింద పటుక్కుమంటుంది. ఆ చప్పుడు తలలోపలే వినిపిస్తుంది.

"ఏరా, తగిలిందా?"

ఏం లేదనాలనిపిస్తుంది. రేపూ షూటింగ్ ఉంది. కానీ నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు. పళ్ల డాక్టరు సూది వేసినట్టు పై పెదవి ఎడమ సగం మొద్దుబారింది. ముక్కులో రక్తం. చీదబోతావు. ఆగు! చెంప వెనక సైనస్ గోడ పగిలి ఉంటే, ఆ గాలి కంటి చుట్టూ చర్మం కిందకి చేరుతుంది. తుడుచుకో, చాలు.

ఎదురుగా ఉన్న లైటు రెండుగా కనిపిస్తోంది. మాస్టర్‌కి చెప్పెయ్.

జూబ్లీహిల్స్ అపోలో దగ్గరే. 2021 వినాయక చవితి రాత్రి బైకు మీంచి పడ్డ హీరో సాయి ధరమ్ తేజ్‌కి చికిత్స జరిగింది ఇక్కడే. ఆయనకి విరిగింది కాలర్‌బోన్, హెల్మెట్ పెట్టుకున్నారు. ఫైటర్ ముఖానికి హెల్మెట్ ఉండదు.

దారిలోనే చెంప ఉబ్బిపోతుంది. కింద పడిన గుంటని వాపు దాచేస్తుంది. దెబ్బేలే అని ఊరుకున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే. సీటీ స్కాన్ దాచదు: ఎముక లోపలికి కుంగింది.

"ఎముక కదలకపోయుంటే మెత్తటి తిండితో, దెబ్బ తగలకుండా ఉంటే అతుక్కునేది. నీది పైకి లేపాలి," అంటాడు డాక్టరు. వాపు దిగడానికి కొన్ని రోజులు ఆగుతారు. మరీ ఆగితే ఎముక వంకరగానే అతుక్కుంటుంది. మళ్లీ విరగ్గొట్టి సరిచేయాలి. రేపటి షూటింగా, ముఖమా? సంతకం పెడతావు.

కణత పైన, జుట్టులో చిన్న కోత పెట్టి ఎముకను పైకెత్తడం 1927 నాటి గిల్లీస్ పద్ధతి. అలా ఎత్తినా నీ ఎముక నిలవదు. నోటి లోపల, కనుబొమ్మ చివర కోసి టైటానియం ప్లేట్లు బిగిస్తారు.

ఆపరేషన్ అయిన రాత్రి నర్సు మాటిమాటికీ కంట్లో టార్చి వేస్తుంది. విసుగొస్తుంది. తర్వాత నొప్పి మొదలవుతుంది. పెరుగుతుంది. కన్ను ముందుకు ఉబుకుతోంది. గోడ మసకబారింది. నర్సుని పిలవాలా? తెల్లారనివ్వాలా?

బెల్ నొక్కు. ఇప్పుడే.

కంటి వెనక రక్తం. అరుదు. కానీ ఆలస్యమైతే చూపు పోతుంది. పరుగున వస్తారు. కంటి మూల కోస్తారు. ఒత్తిడి దిగుతుంది. గోడ మీద గడియారం అంకెలు తేలతాయి.

వారాలు గడిచాక చెంపలు రెండూ సమంగానే ఉన్నాయి. పెదవి మీద చిమచిమ మొదలైంది, నరం కోలుకుంటోంది. నెలలు పట్టొచ్చు, కొందరికి కొంత మొద్దు మిగిలిపోతుంది కూడా. ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ చేస్తాడు. డాక్టరు సరే అనేదాకా ఫైట్‌కి డేట్ ఇవ్వకు.