కరక్కాయ వగరు

కరక్కాయను మందుగా మాత్రమే ఎరిగినవారికి దాని చరిత్రలో సగమే తెలుసునని నా అభిప్రాయం. మా మదనపల్లె వైపు ఇళ్ళలో దగ్గు పట్టుకుంటే చిన్న ముక్క బుగ్గన పెట్టుకుని రసం మింగడం ఇప్పటికీ ఉంది. ఉసిరిక, తానికాయ తోడైతే అదే త్రిఫల. ఉప్పు తప్ప తక్కిన ఐదు రుచులూ ఇందులో ఉన్నాయని ఆయుర్వేదం చెబుతుంది గాని, నాలుకకు ముందుగా తగిలేది వగరే. ఈ కాయ కథనంతా నడిపించినది ఆ వగరే.

వగరుకు మూలం టానిన్లు. ఎండిన పెచ్చులో సుమారు మూడో వంతు అవే ఉంటాయి. మాంసకృత్తులను పట్టి బిగించడం వాటి స్వభావం. లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుంటే నాలుక బిగుసుకుంటుంది. పచ్చితోలును పట్టుకుంటే అది కుళ్ళకుండా నిలుస్తుంది. ఇనుముతో కలిస్తే నల్లని సిరా అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేశాకే కలం పడతారు.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటులోను ఉండేవి. కుప్పం మీదుగా పోయే రైలు జోలార్‌పేట చేరితే, అక్కడినుంచి వాణియంబాడి, ఆంబూరు తోళ్ళ ఊళ్ళు ఎంతో దూరం కావు. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు వెలుతురు తగిలితే ఎర్రబారుతుంది. అందుకని చివర కరక్కాయ నీళ్ళలో ముంచేవారు. రంగు చెడకుండా కాపాడే గుణాన్ని ఆ పనివారు ఏ ప్రయోగశాలా లేకుండానే కనిపెట్టారు.

ప్రయోగశాల మాట తరువాత వచ్చింది. కరక్కాయలోని గాలిక్, ఎల్లాజిక్ ఆమ్లాలు కణాలను దెబ్బతీసే స్వేచ్ఛా రాడికళ్ళను అణచగలవు. వాపును రేపే పదార్థాలు తయారు కావడానికి కాక్స్, లాక్స్ అనే ఎంజైములు కావాలి. కాయలోని చెబులాజిక్ ఆమ్లం ఆ రెండింటినీ అడ్డుకుంటుందని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పల్లు రెడ్డన్న బృందం 2009లో ప్రకటించింది. (ఆ పేరులోని చెబులా మరేదో కాదు, కాబూలే! పాశ్చాత్యులకు ఈ సరుకు అటునుంచి వచ్చిందని పేరు.)

అయితే అది గాజుపాత్రలో, పెంచిన కణాల మీద చూసిన ఫలితం. మింగిన టానిన్లు రక్తంలోకి చేరేది బహు స్వల్పం. పేగులలోని సూక్ష్మజీవులు వాటిని విరిచి వేరే పదార్థాలుగా మార్చివేస్తాయి. పాత్రలో పనిచేసినదే కీళ్ళలోనూ పనిచేస్తుందని అనడానికి మనుషుల మీద లెక్క కావాలి.

అటువంటి లెక్క మా ప్రాంతానికి కొత్త కాదు. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం వెలసింది. అక్కడి వైద్యులు 1950ల నుంచి చుట్టుపక్కల పల్లెలలో బీసీజీ టీకా వేసినవారినీ వేయనివారినీ ఏళ్ళ తరబడి గమనించి, 1964లో ఫలితాలు ప్రచురించారు. అంగడిలో చూర్ణం పొట్లం మీద కీళ్ళవాతం మాయమని చదివినప్పుడల్లా, ఏ పల్లెలో, ఎందరికి, ఎన్నేళ్ళు అని అడగబుద్ధవుతుంది నాకు.