రోజులు లెక్కపెట్టుకునే హక్కు

మన సంతల్లో 'వాయిదా' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. బాకీ కట్టమని షావుకారు పెట్టే గడువూ వాయిదానే. ఇవాళ కాదు, మళ్లీ రమ్మని కోర్టు పంపేయడమూ వాయిదానే. కోర్టు మెట్లెక్కిన మనవాళ్లకు రెండోదే బాగా తెలుసు. మొదటిది పోలీసులకూ ఉందని చాలామందికి తెలియదు.

ఆ గడువు ఊరికే రాలేదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దర్యాప్తు కోసం మనిషిని నిర్బంధించేందుకు 15 రోజులే ఇచ్చారు. అది కాగితం మీది మాట. పోలీసులు అరకొర నివేదిక ఒకటి దాఖలు చేసి, వాయిదాల సెక్షన్‌ను అడ్డం పెట్టుకుని నెలల తరబడి రిమాండు పొడిగించుకునేవారు. 1969లో లా కమిషన్ 41వ నివేదిక దీన్ని ఎత్తిచూపింది. 1973 కోడ్ 167వ సెక్షన్‌లో 60 రోజుల గడువు వచ్చింది. 1978లో పెద్ద నేరాలకు దాన్ని 90 చేశారు. ఆలోగా ఛార్జిషీటు వేయకపోతే, అడిగినవాడికి బెయిలు ఇచ్చి తీరాలి. ఇప్పటి కొత్త చట్టంలో అది 187వ సెక్షన్.

మరి విచారణకు గడువు లేదా? 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ల సంగతి బయటపడింది. నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే గడిపినవాళ్లు అక్కడ ఉన్నారు. సత్వర విచారణ 21వ అధికరణ ఇచ్చిన హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఇన్నేళ్లలో ముగించాలని కోర్టులు గీత గీయలేవని 2002లో ఏడుగురు న్యాయమూర్తులు తేల్చారు. అంటే మన చేతిలో గట్టిగా మిగిలింది దర్యాప్తు గడువే.

మామూలు కేసుల్లో దాన్ని పొడిగించే వీల్లేదు. గంజాయి కేసులు వేరు. మన ఏజెన్సీ కుర్రవాళ్లను ముంచుతున్నవి అవే. మూట మోస్తే కూలి ఇస్తామంటే వెళతారు. మూట ఇచ్చినవాడు దొరకడు, మోసినవాడు దొరుకుతాడు. గంజాయి 20 కిలోలు దాటితే గడువు 180 రోజులు, పొడిగిస్తే ఏడాది దాకా. అయితే పొడిగింపు పోలీసు అడగగానే ఇచ్చేది కాదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, ఈ మనిషిని ఇంకా లోపలే ఎందుకు ఉంచాలో పబ్లిక్ ప్రాసిక్యూటర్ నివేదిక ఇవ్వాలి. ఆ సంగతి నిందితుడికీ తెలియజేయాలి. ల్యాబ్ రిపోర్టు రాలేదన్న ఒక్క ముక్క రాసి ఊరుకుంటే చాలదని వాదించే వకీలు అప్పుడు పక్కన ఉండాలి.

అసలు చిక్కు ఇంకోటి. ఈ బెయిలు అడిగితేనే వస్తుంది. కువి తప్ప వేరే భాష రాని కుర్రాడొకడు 181వ రోజున జైల్లో ఊరకే కూర్చున్నాడనుకుందాం. 182వ రోజున ఛార్జిషీటు పడిందంటే ఆ హక్కు పోయినట్టే. మాకు కోపం తెప్పించేది ఇదే. తెలిసినవాడికి తలుపు తీసే చట్టం, తెలియనివాడి ముందు అదే తలుపు చడీచప్పుడు లేకుండా మూసేస్తుంది.

షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతోంది. జైలు నుంచే అర్జీ పెట్టుకోవచ్చు. ఊళ్లో ఎవరినైనా రిమాండుకు పంపితే ఆ తేదీని మాస్టార్లు బడి క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. లెక్క ఆ రోజు నుంచే మొదలు. రిమాండు చేసిన రోజునూ కలిపే లెక్కించాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.