దర్జీ టేపు, డాక్టర్ల అంజుమన్

మా అబ్బా దర్జీ. జనగామలో స్టేషన్‌కు పోయే దారిలో, ఒక సందులో చిన్న దుకాణం. ఆయన కొలతల బుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోతే దారంతో కట్టి పెట్టాను. అందులో ఒకే మనిషి పేరు పట్టుకుని పేజీలు తిప్పితే మజాగా ఉంటుంది. 1989 రంజాన్‌కు నడుము 29. 1996లో 32. 2003లో 36. ఆ సాబ్ దుకాణం మెట్టెక్కగానే అబ్బా "మాషాఅల్లాహ్, సేహత్ బాగైంది" అనేవాడు. పాంటు నడుము దగ్గర ఇంచు కపడా లోపలికి మడిచి కుట్టేవాడు, వచ్చే ఈద్‌కు వదులు చేయాల్సి వస్తుందని ఆయనకు ముందే ఎరుక. పొట్ట అంటే మా ఇళ్లలో బర్కత్. గరీబీ దాటినమని చెప్పే నిషానీ.

2011లో ఆ బుక్కును వేరే పని మీద తీయాల్సి వచ్చింది. భూపాలపల్లిలో మా ఖాలా కొడుకు ఉంటాడు. కొత్త నౌకరీలో చేరేటప్పుడు మెడికల్ చేయించారు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు, బీఎంఐ 24.2. కాగితం మీద 'నార్మల్' అని రాసి ముద్ర వేశారు. ఏడాది తిరగకుండానే కాలి పుండు మానక వరంగల్‌లో పడుకున్నాడు. షుగర్ నాలుగు వందలు దాటింది. అప్పటికి వాడికి 36 ఏళ్లు. "భాయ్, నార్మల్ అన్నరు గదా?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి అబ్బా బుక్కు తెరిచాను. వాడి ఆఖరి పాంటు నడుము 37 ఇంచులు. అంటే దాదాపు 94 సెంటీమీటర్లు.

టేపుకు తెలిసిన సంగతి ఆ ముద్రకు ఎందుకు తెలియలేదు? ఆ నార్మల్ గీత గీసింది ఎవరు? ఈ తారీఖ్ వెంట పడింది అందుకే.

కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగించే హిసాబ్ 1830ల నాటిది. బెల్జియంకు చెందిన అడాల్ఫ్ కెట్లే లెక్కలు, నక్షత్రాల ఆలిమ్. ఆయన డాక్టర్ కాడు, ఆ హిసాబ్ మరీజుల కోసం చేసిందీ కాదు. 1972లో అమెరికాలో ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. ఆయన పరీక్షించింది మగవాళ్లను మాత్రమే. 1997లో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు కూర్చుని 25 దాటితే ఎక్కువ బరువు, 30 దాటితే మోటాపా అని ఖాయం చేశారు. ఆ గీతకు బునియాద్ ఎక్కువగా యూరప్, అమెరికా మనుషుల లెక్కలే.

ఈ గీతల వెనక అంజుమన్‌లు ఉంటాయి. మోటాపా మీద తహ్‌ఖీక్ చేసేవాళ్లు ఉత్తర అమెరికాలో 1982లో ఒక సంఘం పెట్టుకున్నారు. అదే తర్వాత ది ఒబేసిటీ సొసైటీ అయింది. మొదట్లో అది తహ్‌ఖీక్ వాళ్ల మహఫిల్. దాని పత్రిక పేరు 'ఒబేసిటీ రీసెర్చ్'. 2006లో పేరులోంచి రీసెర్చ్ తీసేసి ఉత్త 'ఒబేసిటీ' అని పెట్టుకున్నారు. చిన్న మార్పే గానీ నాకు అందులో ఒక ఇషారా కనబడుతుంది. 2013లో అదే సంఘం గుండె డాక్టర్ల సంఘాలతో కలిసి ఇలాజ్ ఎలా చేయాలో హిదాయత్‌నామా ఇచ్చింది. అదే ఏడాది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మోటాపాను బీమారీ అని ఒప్పుకుంది. అంటే తహ్‌ఖీక్ వాళ్ల పక్కన మరీజును చూసే డాక్టర్‌కు కుర్సీ దొరకడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

మన హైదరాబాద్‌లో ఆ రెండు కుర్సీలు మొదటి నుంచీ పక్కపక్కనే ఉన్నాయి. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన చిన్న తహ్‌ఖీక్ అది. 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. 1960లలో దాని ఖియాదత్ డాక్టర్ సి. గోపాలన్‌ది. 1967లో న్యూట్రిషన్ సొసైటీ ఆఫ్ ఇండియా పుట్టిందీ ఆయన చొరవతోనే, ఇక్కడే. గోపాలన్ మద్రాసులో చదివిన డాక్టర్. ల్యాబులో కూర్చుని లెక్కలు వేసి ఊరుకునే రకం కాదు, వార్డులో మంచం పక్కన నిలబడి చూసే మనిషి. 1960లో ఆయన, ఎస్.జి. శ్రీకాంతియా కలిసి లాన్సెట్‌లో పెల్లాగ్రా గురించి రాశారు. అప్పటికి దునియా అంతా పెల్లాగ్రా మక్కలు తినేవాళ్ల జబ్బు అనుకునేది. ఇక్కడ మాత్రం జొన్న రొట్టె తప్ప వేరే దిక్కులేని కూలీల మెడ చుట్టూ, చేతుల మీద చర్మం కాలినట్టు నల్లబడేది. జొన్నలోని ల్యూసిన్ ఎక్కువ కావడమే సబబ్ కావచ్చు అన్నారు వాళ్లు. (జొన్న మానేయకండి, కూరా పప్పూ ఉంటే ఆ ఖతరా లేదు.) నా ఉద్దేశంలో ఈ మాట వార్డు లేని ల్యాబుకు తట్టేది కాదు.

ఆ సంస్థ వాళ్ల పిల్లల వార్డు నీలోఫర్ దవాఖానాలో ఉండేది. శాహ్‌జాదీ నీలోఫర్ పేరు మీద 1953లో తెరిచిన దవాఖానా. ఎముకలు తేలిన పిల్లలు, ఉబ్బిన పొట్టలు, భూక్. అంతా భూక్ మీద ఖిద్మతే. ఆ సంస్థ ఒకరోజు మోటాపా మీద పని చేయాల్సి వస్తుందని అప్పుడు ఎవరైనా అంటే నవ్వేవాళ్లు.

భూక్ నుంచి మోటాపాకు దారి ఎట్లా పడింది? జవాబులో ఒక ముక్క హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే దొరికింది. 1987 నుంచి 1990 దాకా 29 గ్రామాలను తీసుకున్నారు. 15 ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు రోజూ అంగన్‌వాడీలో మక్క, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం ఇంకా రాలేదు. పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక వెళ్లి మళ్లీ కొలిచారు, 2008లో బీఎంజేలో రాశారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు. అసలు సంగతి అది కాదు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్‌కు లొంగని మొండితనం 20 శాతం తక్కువ, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో దొరికిన ఒక గిన్నె ఉప్మా జవానీలో షుగర్ దారిని కొంత మళ్లించిందన్నమాట.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మీ, ఖాలా, ఫుప్పు గుర్తొచ్చారు. ముగ్గురి చిన్నతనమూ గట్కా, అంబలి మీదే గడిచింది. మగవాళ్లు తిన్నాక దస్తర్‌ఖాన్ మీద మిగిలిందే వాళ్ల వంతు. తర్వాత కంట్రోల్ బియ్యం వచ్చింది, నూనె ప్యాకెట్ వచ్చింది, కష్టం తగ్గింది. భూక్‌కు అలవాటు పడ్డ ఒళ్లు దొరికిందంతా పొట్ట దగ్గర దాచుకుంది. మోటాపా అమీరీ జబ్బు అనే మాటను అప్పటి నుంచి నేను నమ్మడం మానేశాను. మా ఇంట్లో అది భూక్ కన్న బిడ్డ.

2004లో లాన్సెట్‌లో ఒక తస్వీర్ వచ్చింది. పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. కాంటా ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది, ఒళ్లు మాత్రం రెండు వేర్వేరు కథలు చెప్పింది.

ఈ మాట మీద అంజుమన్‌లలో గట్టి బహస్ నడిచింది. ఆసియా వాళ్లకు 23, 25 పెట్టాలని 2000లో ఒక నివేదిక అంది. 2002లో సింగపూర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూర్చుని 25, 30 అలాగే ఉంచారు, 23 దగ్గర కూడా జాగ్రత్త పడండి అని ఒక మాట కలిపారు. ఇంసాఫ్‌గా ఒకటి చెప్పాలి. గీత కిందికి దించితే గోలీలు అమ్మేవాళ్లకు గిరాకీ పెరుగుతుంది. మోటాపా మీద పనిచేసే అంతర్జాతీయ టాస్క్‌ఫోర్స్ దవా కంపెనీల నుంచి పెద్ద మొత్తాలు తీసుకుందని 2006లో బీఎంజేయే రాసింది. ఆ షక్ ఉండటం మంచిదే, సూదిమందుల ఇష్తెహార్లు ఇల్లిల్లూ తిరుగుతున్న ఈ రోజుల్లో మరీ మంచిది. కానీ మన ఒళ్ల విషయంలో గవాహీ నీలోఫర్ వార్డుది, ఆ 29 ఊళ్లది. దాన్ని ఏ కంపెనీ రాయించలేదు.

2008 ఆఖరులో ఢిల్లీలో డాక్టర్ అనూప్ మిశ్రా ఖియాదత్‌లో మన డాక్టర్లు కూర్చుని మనవాళ్లకు వేరే గీత గీశారు. 2009లో అది అచ్చయింది. 23 నుంచి ఎక్కువ బరువు, 25 నుంచి మోటాపా. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటొద్దు. మా ఖాలా కొడుక్కి ముద్ర పడింది 2011లో. రెండేళ్ల ముందే గీసిన గీత ఆ టేబుల్ దాకా రాలేదు. నా షికాయత్ ఇదే. ఢిల్లీలో కూర్చున్నవాళ్ల ఇల్మ్ మీద నాకు శక్ లేదు, కానీ ఇంగ్లీషు జర్నల్‌లో అచ్చు వేయడంతో జిమ్మేదారీ తీరిపోయిందనుకున్నారు. తెలుగులో ఒక పర్చా, ఉర్దూలో ఒక పర్చా మా వైపు ఎవరూ పంచగా నేను చూడలేదు.

మరీజు ఇంటి దాకా వచ్చిన పని లేకపోలేదు. 2012లో రోజాల్లో ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో హిందుస్తాన్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ డాక్టర్లు కలిసి హిదాయత్ రాశారు. అందులో మన ఉస్మానియా మెడికల్ కాలేజీ డాక్టర్ రాకేశ్ సహాయ్ ఉన్నారు. సెహ్రీకి ఎంత, ఇఫ్తార్‌కు ఎంత అని ఒక ముస్లిం ఇంటి వంటగది గుర్తు పెట్టుకుని రాసిన పని అది. అట్లాంటి అంజుమన్‌కు సలాం చెప్పాలి.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో 30.1 శాతం, మగవాళ్లలో 32.3 శాతం బీఎంఐ 25 దగ్గర, అంతకు పైన ఉన్నారు. అంటే పాత గీతతో కొలిస్తేనే ముగ్గురిలో ఒకరు. 23తో కొలిస్తే ఎంతో మీరే అందాజా వేసుకోండి. మహబూబాబాద్‌కు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. మా ఖాలా కొడుకులాంటి వాడు ఇప్పుడు వరంగల్ దాకా పోనక్కర్లేదు.

ఆ గీత ఆఖరికి మా ఇంట్లోకి వచ్చింది ఆశా వర్కర్ చేతి సంచిలో. ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకు నింపే ఫారంలో బరువు కాలమ్ కాదు, నడుము కాలమ్ ఉంది. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90. మానుకోటలో మా ఫుప్పు ఇంటికి ఆమె వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. (మహబూబాబాద్ అని రైలు టికెట్ మీదే, మాకు మానుకోటే.) ఫుప్పుకు చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉంటాయి. "నన్నెందుకు కొలుస్తవు బిడ్డా? నేనేమన్న బండగ ఉన్ననా?" అంది. ఆశా అమ్మ నవ్వి, "సన్నగున్నోళ్లకే సూడాలె నానమ్మా" అని గదిలోకి తీసుకుపోయింది. బయటికొచ్చి 87 అంది.

ఫుప్పు నమ్మలేదు. "దర్జీ ఇంట్ల పుట్టినదాన్ని, నాకు సెంటీమీటర్లు చెప్తవా. బేటా, మీ అబ్బా టేపు ఉందా?" అంది. ఆ టేపు జనగామలో ఉంది. పక్కింటి అమ్మాయి కుట్టుమిషన్ మీది టేపు తెచ్చింది. ఫుప్పు స్వయంగా చుట్టుకుని, ఊపిరి బిగబట్టకుండా, 34 అని చదివింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. బుధవారం పరగడుపున దవాఖానాకు పోయి రక్తం ఇచ్చింది. 126 దాటితే షుగరే అంటారు, ఆమెకు 142 వచ్చింది. ఇప్పుడు రోజూ గోలీ వేసుకుంటోంది, రాత్రి అన్నం మానేసి జొన్న రొట్టె తింటోంది, తిన్నంతసేపూ నన్ను తిడుతోంది.