బీమారిస్తాన్ గడప దాటిన రోగి

తెలుగునాట రాచపుండు అని పిలువబడిన వ్యాధిని అరబ్బు వైద్యులు 'సరతాన్' అన్నారు. ఆ మాటకు ఎండ్రకాయ అని అర్థం. ముస్లిం స్పెయిన్‌కు చెందిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ (మరణం క్రీ.శ. 1013) తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో దానిని గురించి నిష్కపటంగా వ్రాశాడు. రొమ్ము వంటి చోట చిన్నదిగా ఉండగానే పూర్తిగా కోసి తీయవచ్చును. ముదిరి పెరిగినదాని జోలికి పోరాదు. అటువంటి దానిని తాను నయం చేయలేదనీ, చేసినవారిని చూడలేదనీ ఒప్పుకొన్నాడు.

మందు పనిచేయని చోట రోగి గతి ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వైద్యగ్రంథాలలో కంటె వైద్యశాలల వక్ఫ్ నిబంధనలలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఈజిప్టు పాలకుడు అహ్మద్ ఇబ్నె తూలూన్ 872 ప్రాంతంలో ఒక వైద్యశాల కట్టించాడు. చేరిన రోగి దుస్తులు, డబ్బు నమ్మకస్తుని వద్ద భద్రపరచి, వేరే దుస్తులు ఇచ్చేవారు. కోడిమాంసం, రొట్టె తినగలిగిన నాడు అతడు స్వస్థుడైనట్లు భావించి, అతని సొత్తు అతనికి అప్పగించి పంపేవారు. అయితే సైనికులకు, బానిసలకు అక్కడ ప్రవేశం లేదు. ఆదర్శానికీ ఆచరణకూ నడుమ ఎడం అప్పుడూ ఉన్నది.

ఆ ఎడాన్ని పూడ్చే ప్రయత్నం సుల్తాన్ ఖలావూన్ కైరోలో హి. 683 (క్రీ.శ. 1284)లో నెలకొల్పిన మన్సూరీ బీమారిస్తాన్‌లో కనిపిస్తుంది. సుల్తాన్ కాకముందు అతడు డమాస్కస్‌లో జబ్బుపడి, నూరుద్దీన్ జంగీ స్థాపించిన వైద్యశాల నుండి తెచ్చిన మందులతో కోలుకొన్నాడు. రాజ్యం లభిస్తే అటువంటిది తానూ కట్టిస్తానని మొక్కుకొన్నాడని చరిత్రకారులు వ్రాశారు. మంచాన పడినవాని అవసరాలు అతనికి తెలుసు. ధనికులు, పేదలు, స్త్రీలు, పురుషులు, స్వతంత్రులు, బానిసలు అందరికీ అందులో ప్రవేశం ఇచ్చాడు. ప్రతి రోగికి వేరు పాత్రలో, మూతపెట్టి ఆహారం ఇవ్వాలనీ, వేసవిలో విసనకర్రలు సమకూర్చాలనీ వక్ఫ్ పత్రం శాసించింది. అన్నిటికంటె ముఖ్యమైన నిబంధన మరొకటి ఉన్నది. ఇంటివద్దనే జబ్బుతో ఉన్న పేదలకు సైతం మందులు, పానీయాలు, ఆహారం అందాలి. అంటే వైద్యశాల బాధ్యత దాని గడపతో ముగియదు.

ఆనాడు క్యాన్సర్ రోగులకు ప్రత్యేక విభాగం ఉండేదని ఎవరూ గొప్పలు చెప్పుకొనరాదు. రేడియేషన్, కీమోథెరపీ నాటివారి ఊహకే అందనివి. కాని నేడు కీమోథెరపీలో అధికభాగం రోగి ఉదయం వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే పద్ధతిలోనే జరుగుతున్నది. హైదరాబాదులో 1955లో ఏర్పడి, మెహదీ నవాజ్ జంగ్ పేరు ధరించిన క్యాన్సర్ వైద్యశాల వంటి చోట్లకు దూరపు పల్లెల నుండి జనం వస్తారు. మందు లోపలికి ఎక్కేది ఆసుపత్రిలో. వాంతులు, నొప్పి, భయం, అప్పు ఇంటిలో. ఔట్‌పేషెంటు చీటీ మీద గడ్డ కొలత ఉంటుంది. ఆ నాలుగింటికి చోటు ఉండదు.

రాత్రి నిద్ర పట్టుతున్నదా, తిరుగు ప్రయాణానికి డబ్బు ఉన్నదా, ఇంటివద్ద చూచేవారు ఎవరు అని అడగడానికి కొత్త యంత్రమేదీ అక్కరలేదు. రోగిని పరామర్శించడాన్ని దైవప్రవక్త (స) ముస్లింపై ముస్లింకు గల హక్కుగా నిర్ణయించారు. ఖలావూన్ వక్ఫ్ ఆ హక్కును ఒక సంస్థకు దినచర్యగా మార్చింది. దయ వైద్యుని మనఃస్థితిని బట్టి మారకుండా నిబంధనగా నిలవడమే బీమారిస్తాన్ చరిత్ర నేటి క్యాన్సర్ వైద్యశాలకు నేర్పగల పాఠం.